ట్యూటర్‌కు భాషతో ఉన్న అనుబంధం విద్యార్థి వ్యాసంలోకి ఎంతవరకు రావచ్చు?

ప్రశ్న (కొత్తగా చేరిన ట్యూటర్)

మా కళాశాల రచనా కేంద్రంలో ఈ విద్యాసంవత్సరం నుంచి ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. తోటి విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలు, పరిశోధన పత్రాల చిత్తుప్రతులు తెచ్చుకుంటే, వారి పక్కన కూర్చుని చదివి, ఆలోచన ఎక్కడ తెగిపోయిందో, వాదనకు ఆధారం ఎక్కడ చాలలేదో మాట్లాడుకోవడం మా పని. శిక్షణలో భాగంగా ప్రతి ట్యూటరూ భాషతో తనకున్న అనుబంధం గురించి ఒక వ్యాసం రాసి ఇవ్వాలి. అది మొదలుపెట్టినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు.

ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, చదువుకున్న భాష మరొకటి కావడంతో ఇంగ్లీషు నాకు చెవి ద్వారా కాక కంటి ద్వారా వచ్చింది. పుస్తకాలలో నచ్చిన వాక్యాలను నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుని, అదే అమరికలో నా మాటలు పేర్చుకుంటూ నేర్చుకున్నాను. అందువల్ల ఉపవాక్యాలతో నిదానంగా సాగే పొడుగాటి వాక్యమంటే నాకు ఎంతో ఇష్టం. ఎవరైనా పొట్టి వాక్యాలను వరుసగా రాసుకుంటూ పోతే వాటిని కలపాలని చేయి లాగుతుంది. మరోవైపు, నాలాగే ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకున్న విద్యార్థి ఎదుట కూర్చుంటే, వారిని ఎవరూ చిన్నబుచ్చకూడదన్న తపనతో, చెప్పవలసిన దోషాన్ని కూడా చూడనట్లు దాటిపోవాలనిపిస్తుంది. ఈ రెండూ ఇష్టం నుంచే పుట్టినవి. అయినా రెండింటిలోనూ విద్యార్థి రాసిన విషయం కంటే నా గతమే ముందుకు వచ్చి నిలబడుతోందన్న భయం కలుగుతోంది.

ఒక సూచన చేయబోయే ముందు అది భాషా నియమమో, ఆ శాస్త్ర విభాగంలో పాటించే పద్ధతో, కేవలం నా అభిరుచో గుర్తుపట్టడం ఎలా? నేను భాష నేర్చుకున్న తీరు గురించి విద్యార్థితో చెప్పడం వారికి ఉపయోగపడుతుందా, లేక వారి సమయం తినేస్తుందా? అనుభవం ఉన్నవారు చెబితే కృతజ్ఞురాలిని.

జవాబు (రచనా కేంద్రం నిర్వాహకురాలు)

మీ సందేహం శిక్షణలో అందరికీ రావలసినదే. అయితే చాలామందికి అది రాదు, ఎందుకంటే తమ అభిరుచి తమకు అభిరుచిలా కాక సరైన భాషలా కనిపిస్తుంది.

చరిత్రలోంచి ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లీషు వాక్యం ప్రిపొజిషన్‌తో, అంటే 'ఆఫ్', 'విత్', 'ఫర్' వంటి పదంతో, ముగియకూడదని ఇప్పటికీ ఎందరో ట్యూటర్లు విద్యార్థుల వ్యాసాలు దిద్దుతారు. 1672లో ఇంగ్లీషు కవి జాన్ డ్రైడెన్ తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాలలో ఈ లక్షణాన్ని ఎత్తిచూపి తప్పుపట్టాడు. తరువాత తన పాత రచనను మళ్లీ అచ్చువేసేటప్పుడు అందులోనూ అలాంటి వాక్యాలను సవరించుకున్నాడు. ఇంగ్లీషు మాట్లాడేవారు అంతకుముందూ ఆ తరువాతా వాక్యాలను అలాగే ముగిస్తూ వచ్చారు. లాటిన్ చదువుతో పెరిగిన ఒక రచయిత చెవికి నచ్చని ఒక విషయం, తరాలు గడిచేసరికి బడిపుస్తకాలలో నియమంగా స్థిరపడింది. భాషతో ఒక మనిషికి ఉన్న సొంత అనుబంధం ఇతరుల మీద శాసనంగా మారడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

మీ మొదటి ప్రశ్నకు నేను మా ట్యూటర్లకు చెప్పే పద్ధతి ఇది. సూచన చేసే ముందు, ఆ వాక్యం దగ్గర మీకు నిజంగా ఏమి జరిగిందో గమనించండి. అర్థం కాక ఆగిపోయారా, అర్థమైంది గానీ నచ్చలేదా? అర్థం కాక ఆగిపోతే ఆ మాటే చెప్పండి: "ఇక్కడ ఈ సర్వనామం ఎవరిని సూచిస్తోందో నాకు తెలియక రెండుసార్లు చదివాను" అంటే, అది ఒక పాఠకురాలి సాక్ష్యం. దాన్ని ఏమి చేసుకోవాలో రచయిత నిర్ణయించుకుంటారు. అర్థమై కూడా నచ్చకపోతే, ఆ శాస్త్ర విభాగంలో అచ్చయిన వ్యాసాలు ఒకటి రెండు తెరిచి చూడండి. ప్రయోగశాల నివేదికలో కర్మణి వాక్యాలు కనిపిస్తాయి, తత్వశాస్త్ర వ్యాసంలో రచయిత "నేను" అంటూ వాదిస్తాడు. అక్కడ కూడా మీ సూచనకు ఆధారం దొరకకపోతే అది మీ ఇష్టం మాత్రమే. దాన్ని చెప్పకూడదని నేను అనను. ఇష్టమని పేరు పెట్టి చెబితే అందులో తప్పేమీ లేదు. నియమమన్న ముసుగు వేసి చెప్పినప్పుడే విద్యార్థి తన వాక్యం మీద తాను హక్కు కోల్పోతాడు.

ఇక రచనా కేంద్రాలలో దశాబ్దాలుగా నలుగుతున్న ఒక వివాదం మీ విషయానికి చాలా దగ్గరగా ఉంది. 1984లో రచనా బోధన పరిశోధకుడు స్టీఫెన్ నార్త్ రాసిన ప్రసిద్ధ వ్యాసం, రచనా కేంద్రాన్ని తప్పులు దిద్దే చోటుగా చూడటాన్ని గట్టిగా వ్యతిరేకించింది. ట్యూటర్ శ్రద్ధ ఎదుట ఉన్న కాగితం కంటే రాసే మనిషి మీద ఉండాలని ఆయన వాదన. 1991లో జెఫ్ బ్రూక్స్ దాన్ని ఆచరణలోకి తెస్తూ, ట్యూటర్ పక్కన కూర్చోవాలని, కాగితం విద్యార్థికే దగ్గరగా ఉండాలని, పెన్ను అతని చేతిలోనే ఉండాలని, వ్యాసాన్ని అతనితోనే పైకి చదివించాలని సూచించాడు. పైకి చదివితే తప్పు తనకే వినబడుతుందన్నది ఇందులోని నమ్మకం. చిన్నప్పటి నుంచి ఆ భాష వింటూ పెరిగినవారి విషయంలో ఇది చాలావరకు నిజం. మీలా కంటితో నేర్చుకున్న విద్యార్థి ఎన్నిసార్లు పైకి చదివినా, చెవిలో ముందే లేని భాష కొత్తగా తప్పు పట్టి చూపదు. అందుకే 2003లో షారన్ మైయర్స్ వంటివారు, రెండో భాషలో రాసే విద్యార్థికి వాక్యస్థాయి సాయం చేయడం ట్యూటర్ స్థాయికి తక్కువ పని కాదని, అదే భాష నేర్పే పని అని వాదించారు. పైకి చదివించడం అందరికీ పనికొచ్చే పద్ధతి అనుకున్న ట్యూటర్లు తమ చెవిని అందరికీ అంటగట్టారు. మీకు ఆ పొరపాటు జరిగే అవకాశం తక్కువ, ఎందుకంటే మీరు నేర్చుకున్న దారి వేరని మీకు ముందే తెలుసు.

జవాబు (భాషాశాస్త్ర పరిశోధకుడు)

నిర్వాహకురాలు గారు చెప్పినదానికి మరొక వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను.

ఒక భాషను పుట్టుకతో మాట్లాడే ట్యూటర్‌కూ, నేర్చుకుని మాట్లాడే ట్యూటర్‌కూ ఆ భాష మీద ఉన్న జ్ఞానం ఒకే రకమైనది కాదు. మొదటివారికి వాక్యం సరిగ్గా ఉందో లేదో తక్షణం తెలుస్తుంది, కానీ ఎందుకో చెప్పలేరు. "ఇలా అనం" అన్నదే వారి చివరి మాట. ఇంగ్లీషు నామవాచకం ముందు 'ఎ' రావాలా, 'ది' రావాలా, ఏదీ రాకూడదా అన్న ప్రశ్న తీసుకోండి. తెలుగు సహా ఎన్నో భాషలలో అలాంటి ఆర్టికల్స్ లేవు. అలాంటి భాష నుంచి వచ్చి ఇంగ్లీషు నేర్చుకున్నవారు, పాఠకుడికి ఆ వస్తువు ముందే తెలుసా, అది మొదటిసారి ప్రస్తావనకు వస్తోందా, లెక్కపెట్టదగినదా అని ఆలోచించి ఆ మెట్లన్నీ ఎక్కి ఉంటారు. కాబట్టి ఆ దారిని మరొకరికి చూపగలరు. మీరు నోటుపుస్తకంలో వాక్యాలు ఎత్తి రాసుకున్న కాలమంతా ట్యూటర్‌గా మీకు పెట్టుబడి. అది దాచుకోవలసిన లోటు కాదు.

మీరు దోషాలను దాటిపోవాలనిపిస్తోందని రాశారు. ఈ విషయంలో భాషావేత్త ల్యారీ సెలింకర్ 1972లో ప్రతిపాదించిన అంతరభాష భావన మీకు ధైర్యం ఇస్తుంది. రెండో భాష నేర్చుకునేవారు చేసే తప్పులు చెల్లాచెదురుగా పడినవి కావు. వారి మనసులో మాతృభాషకూ, నేర్చుకుంటున్న భాషకూ పూర్తిగా చెందని, తనదైన వ్యాకరణం ఉన్న ఒక మధ్యంతర వ్యవస్థ పనిచేస్తూ ఉంటుందన్నది ఆ ప్రతిపాదన. ఇలా చూస్తే దోషాన్ని ఎత్తి చూపడం విద్యార్థిని చిన్నబుచ్చడం కాదు. "మీరు ఈ మూడు చోట్లా ఒకే నియమం పాటించారు, ఇంగ్లీషు పాఠకుడు మరో నియమం ఆశిస్తాడు" అని చెప్పడం అతని తెలివిని గౌరవించడమే. ఒకే వ్యాసంలో పదే పదే వచ్చే ఒక్క దోషాన్ని పట్టుకుని దాని వెనుక ఉన్న నియమాన్ని విద్యార్థి చేతనే చెప్పించండి. అన్ని తప్పులూ ఒకే విడతలో తీసిపెట్టే ప్రయత్నం ఎవరికీ మేలు చేయదు.

అయితే ఒక హెచ్చరిక. విద్యార్థి మాతృభాష తెలిసినంత మాత్రాన అతని వ్యాసం తెలిసిపోయిందనుకోవద్దు. 1966లో భాషావేత్త రాబర్ట్ కాప్లాన్ ఒక్కో భాషా సముదాయం వారు పేరాను ఒక్కో ఆకారంలో నడిపిస్తారని చెబుతూ ఐదు బొమ్మలు గీశాడు. ఇంగ్లీషుకు తిన్నని గీత, తాను ప్రాచ్యమని పేరు పెట్టిన భాషలకు సుడి తిరిగే గీత. రెండో భాషలో రాసేవారికి వ్యాకరణంతో పాటు వాదన నడిపే తీరు కూడా నేర్పవలసి ఉంటుందని గుర్తించడం ఆ వ్యాసం చేసిన మేలు. కానీ పరస్పర సంబంధం లేని ఎన్నో భాషలను ఒకే బొమ్మలో ఇరికించడం, ఇంగ్లీషు తీరునే కొలబద్దగా పెట్టుకోవడం తీవ్ర విమర్శకు గురయ్యాయి. మీ ఇద్దరి మాతృభాష ఒకటే అయినా, అతను ఇంగ్లీషు రచన నేర్చుకున్నది వార్తాపత్రికల నుంచో, మతగ్రంథాల నుంచో, ఆన్‌లైన్ చర్చల నుంచో కావచ్చు. అడిగి తెలుసుకోవడం ఒక్కటే దారి.

జవాబు (రచనా కేంద్రానికి తరచూ వెళ్లే విద్యార్థి)

బల్లకు అటువైపు కూర్చునే వ్యక్తిగా కొంచెం కటువుగా రాస్తున్నందుకు మన్నించండి, కానీ ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

సాధారణంగా మాకు దొరికేది అరగంట, మహా అయితే ముప్పావు గంట. అప్పటికే గడువు దగ్గరపడి ఉంటుంది. ఒక ట్యూటర్ తాను ఇంగ్లీషు ఎంత కష్టపడి నేర్చుకున్నారో ఎంతో ఆత్మీయంగా చెప్పారు. వినడానికి బాగుంది, ఆమె మీద నాకు గౌరవమూ పెరిగింది, కానీ నా మూడో పేరాలో వాదన ఎందుకు నిలవడం లేదో తెలుసుకోకుండానే బయటికి వచ్చాను. మరొకరు నా వాక్యాలలో నా ఇంటి భాష వినబడుతోందని, అది నా సొంత గొంతు కనుక మార్చవద్దని చెప్పారు. ఆ వాక్యాలకే మార్కులు తగ్గాయి. ఆ సలహా ఇచ్చిన మనిషి ఉద్దేశం మంచిదే. కానీ నా గొంతును కాపాడాలన్న కోరిక ఆయనది, దాని మూల్యం చెల్లించింది నేను.

అమెరికాలో రచనా బోధకుల సంఘం 1974లోనే, విద్యార్థులకు తమ సొంత భాషా రూపాల మీద హక్కు ఉందని తీర్మానించింది. మా కోర్సులో దాని గురించి చదివినప్పుడు నాకు ఎంతో ఊరట కలిగింది. కానీ అది నా హక్కు అయినప్పుడు, దాన్ని ఎక్కడ వాడుకోవాలో ఎక్కడ పక్కన పెట్టాలో కూడా నేనే తేల్చుకోవాలి కదా. ట్యూటర్ నాకు చెప్పవలసినది ఇంతే: ఈ వాక్యాన్ని ఇలాగే ఉంచితే ఫలానా పాఠకుడు ఇలా తీసుకునే అవకాశం ఉంది, మార్చితే మీరు చెప్పదలచుకున్నదానిలో ఫలానా ఛాయ పోతుంది, ఏది కావాలి? ఆ ఎంపికకు కావలసిన సమాచారమంతా నా ముందు పెట్టండి, తరువాత నన్ను నమ్మండి.

మీ గతం గురించి ఎప్పుడు చెప్పవచ్చు అన్నదానికి నా దగ్గర ఒక చిన్న సమాధానం ఉంది. నేను నిరుత్సాహంతో "నాకు ఇది ఎప్పటికీ రాదు" అన్నప్పుడు, ఒక ట్యూటర్ తాను వాక్యాలను రంగు పెన్నులతో విడగొట్టి, కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని గుర్తులు పెట్టుకుని నేర్చుకున్నానని రెండు మాటల్లో చెప్పి, అప్పటికప్పుడే నా పేరా మీద అలా చేయించారు. ఆయన కథ నా చేతికి ఒక పనిముట్టయింది. అలాంటి కథ ఎంత చెప్పినా వింటాను.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ ధన్యవాదాలు. విద్యార్థి గారు రాసినది చదివాక నా రెండో ప్రశ్నకు సమాధానం దొరికినట్లే. నా అనుభవంలో ఒక పద్ధతి ఉంటే చెప్పాలి, ఓదార్పు మాత్రమే ఉంటే దాన్ని నా స్వరంలో, నా ఓపికలో ఉంచుకోవాలి. మీకు జరిగిన నష్టానికి బాధగా ఉంది. మీరు దాచుకోకుండా రాయడం నాలాంటివారికి ఎంతో మేలు.

నిర్వాహకురాలు గారిని మరో విషయం అడగాలి. శిక్షణ వ్యాసం రాస్తుంటే, నాకు తెలియకుండానే అది ఒక విజయగాథలా తయారవుతోంది: భాష రాని పిల్ల, ఒక మంచి ఉపాధ్యాయురాలు, పుస్తకాలు, చివరికి ట్యూటర్ ఉద్యోగం. ఇందులో అబద్ధం లేదు, కానీ ఇది నా పనికి ఎలా ఉపయోగపడుతుందో కనబడటం లేదు. అలాగే కొన్ని భాగాలను ఇంటి భాషలో రాస్తే తప్ప అవి నిజమనిపించడం లేదు. అలా రాయవచ్చా?

జవాబు (రచనా కేంద్రం నిర్వాహకురాలు)

ముందుగా విద్యార్థి గారికి: మీరు చెప్పిన రంగు పెన్నుల సంగతి మా శిక్షణలో వాడుకుంటాను, అభ్యంతరం లేకపోతే.

శిక్షణ వ్యాసాలలో విజయగాథలే ఎక్కువగా వస్తాయి. వాటిని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఒక భాషను కష్టపడి దక్కించుకున్నవారికి ఆ సంతోషాన్ని చెప్పుకునే హక్కు ఉంది. కానీ అవి ట్యూటర్‌కు కావలసిన చోట ఆగిపోతాయి. ఇతరుల రాతలో మీకు చిరాకు కలిగించేవి ఏమిటో రాయండి. పొట్టి వాక్యాలా, పదే పదే వచ్చే ఒకే పదమా, వాక్యం మొదట్లో 'బట్' రావడమా? ఆ చిరాకు మీకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. 1998లో అక్షరాస్యత మీద పరిశోధించే డెబొరా బ్రాంట్ అక్షరాస్యతకు పోషకులు ఉంటారని రాసింది. మనకు చదువు చెప్పేవారు, అందుకు వీలు కల్పించేవారు, అవసరమైతే దాన్ని మన నుంచి ఆపగలిగేవారు కూడా ఆ పోషకులే. మనం చదవడం వల్ల వారికీ ఏదో ఒక ప్రయోజనం ఉంటుంది. మీ ఉపాధ్యాయురాలి మీద మీకున్న ప్రేమ ఈ ప్రశ్న వల్ల తగ్గదు. ఆమె మీకు పొడుగాటి వాక్యాలే గొప్పవని ఎందుకు నేర్పింది, ఏ పరీక్షకు సిద్ధం చేస్తూ నేర్పింది అని అడిగితే, ఆ వాక్యం మీకు ఎందుకంత ప్రియమైనదో, మరొకరికి ఎందుకు కాకపోవచ్చో తెలుస్తుంది.

మరొక భాగం ఎవరూ రాయరు గానీ నేను ప్రత్యేకంగా అడుగుతాను: ట్యూటర్‌గా చేరాక మీ సొంత రచన ఏమవుతోంది? రోజంతా ఇతరుల వాక్యాలలో అతుకులు వెతికాక కొందరు తమ కోసం ఒక్క వాక్యం కూడా స్వేచ్ఛగా రాయలేకపోతారు. మంచి ట్యూటర్లు ఈ కారణంగానే రచన మానేయడం చూశాను, అది నన్ను నిజంగా కలచివేస్తుంది. మరికొందరికి ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఇతరుల చిత్తుప్రతులు ఎంత చిందరవందరగా మొదలవుతాయో చూసి, తమ తొలి ప్రతిని చూసి సిగ్గుపడటం మానేస్తారు. మీరు ఎటు వెళ్తున్నారో గమనించుకుని, మొదటి రకమైతే మీరు కూడా మీ వ్యాసం పట్టుకుని మరో ట్యూటర్ దగ్గరికి వెళ్లండి. మా కేంద్రంలో ట్యూటర్లందరూ అలా వెళ్లాలన్నది నియమం, నాతో సహా.

ఇంటి భాషలో రాయడం గురించి: తప్పకుండా రాయండి, కానీ మీ కేంద్రం వారిని ముందుగా ఒక మాట అడగండి. శ్రీలంకలోని జాఫ్నా నుంచి వచ్చిన తమిళ భాషావేత్త సురేశ్ కనగరాజా తన కోర్సులో భాషా ఆత్మకథలు రాయిస్తారు. ఆ కోర్సులోని ఒక అరబీ విద్యార్థిని తన ఇంగ్లీషు వ్యాసం మధ్యలో అరబీ పంక్తులు ఉంచితే, తోటి విద్యార్థులు వాటిని ఎలా చదివారో, ఆమె ఎందుకు ఉంచిందో, ఎక్కడ అనువాదం ఇవ్వకూడదనుకుందో చర్చిస్తూ ఆయన 2011లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఆమె ప్రతి పంక్తికీ తన కారణం చెప్పగలిగింది. మీ వ్యాసంలో ఇంటి భాష వచ్చే ప్రతి చోటా, చదివేవారికి అది అర్థం కావాలా, లేక అర్థం కాని చోట వారు ఒక్క క్షణం ఆగాలా అన్నది మీరు నిర్ణయించుకోండి. నిర్ణయించుకోలేని చోట రెండు రకాలుగానూ రాసి, ఆ భాష రాని ట్యూటర్‌తో చదివించి చూడండి.